బెంగళూరు కాలేజీకి మారాలా? సిలబస్ ముందు, టీసీ చివర

"టీసీ తెచ్చేశాం సార్, ఇక మీరు చేర్చుకోవడమే." బెంగళూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ అకడమిక్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ, ఏటా జూన్, జులైల్లో నన్ను ఎక్కువగా భయపెట్టిన మాట ఇదే. అనంతపురం నుంచో, కర్నూలు నుంచో, నెల్లూరు నుంచో వచ్చిన తండ్రి బల్ల మీద కవరు పెడతాడు. అందులో టీసీ ఉంటుంది, మెమోలు ఉంటాయి, పిల్లాడు చదివిన సిలబస్ మాత్రం ఉండదు. పాత కాలేజీలో అప్పటికే పేరు కొట్టేసి ఉంటారు. కొత్త చోట ఏ సెమిస్టర్‌లో కూర్చోబెడతారో ఎవరికీ తెలీదు. ఇక ఆ కుటుంబానికి ఆఫీసుల చుట్టూ తిరుగుడు మొదలు.

నాన్నకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయ్యిందనో, హాస్టల్ తిండి పడలేదనో, కాలేజీలో ఫ్యాకల్టీ లేరనో, కారణం ఏదైనా కాలేజీ మారడం జరిగే పనే. కాకపోతే దానికో వరస ఉంది. ముందు సిలబస్, తర్వాత కొత్త యూనివర్సిటీ నుంచి రాతపూర్వకమైన అంగీకారం, ఆఖర్న టీసీ. ఈ వరస తిరగబడితే ఏడాది పోవచ్చు. కింద చెప్పేది ఎక్కువగా బీటెక్ (కర్ణాటకలో బీఈ) వాళ్లకి, కొంత డిగ్రీ వాళ్లకి. వైద్యం, నర్సింగ్ లాంటి కోర్సులకి వాటి కౌన్సిళ్ల నిబంధనలు వేరు, వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

క్రెడిట్లు ఎందుకు వాటంతటవే రావు

సెమిస్టర్ పొడుగునా వారానికి ఒక గంట క్లాసుకి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కి ఒక క్రెడిట్. దేశంలో ఎక్కువ చోట్ల లెక్క ఇదే. జేఎన్‌టీయూల్లో మూడు గంటల ల్యాబ్ పక్కన 1.5 అని కనిపించేది అందుకే. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు అన్నది కూడా ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో ఒకటే. దాంతో చాలామంది ఇలా అనుకుంటారు: ఇక్కడా 160, అక్కడా 160, నా దగ్గర ఫస్టియర్ క్రెడిట్లు పూర్తిగా ఉన్నాయి, కాబట్టి నేరుగా సెకండియర్.

మొత్తం అంకెను ఎవరూ చూడరు. కొత్త యూనివర్సిటీ మీ మెమోలోని ప్రతి సబ్జెక్టునీ తన సిలబస్ పక్కన పెట్టి చూస్తుంది. అనంతపురం జేఎన్‌టీయూ ఆర్20 (2020 రెగ్యులేషన్) సిలబస్‌లో సీఎస్ఈ వాళ్లు డేటా స్ట్రక్చర్స్‌ని ఫస్టియర్ రెండో సెమిస్టర్‌లోనే చదివేస్తారు. కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ, అంటే వీటీయూ, 2022 స్కీములో అదే సబ్జెక్టు మూడో సెమిస్టర్‌లో ఉంది. ఆ పిల్లాడు ఇక్కడ మూడో సెమిస్టర్‌లో చేరితే చదివిందే మళ్లీ ఎదురొస్తుంది. అడిగితే మినహాయింపు వచ్చే అవకాశం ఉంటుంది, అడక్కపోతే రెండోసారి పరీక్ష రాస్తాడు. ఇటు వీటీయూ 2022 స్కీము ఫస్టియర్‌లో ఒక్కో క్రెడిట్ చిన్న సబ్జెక్టులు కొన్ని ఉంటాయి: ఇన్నోవేషన్ అండ్ డిజైన్ థింకింగ్, సైంటిఫిక్ ఫౌండేషన్స్ ఆఫ్ హెల్త్, రాజ్యాంగం, కన్నడ. ఆంధ్రాలో చదివిన వాడి మెమోలో ఇవన్నీ ఇదే పేరుతో, ఇదే రూపంలో దొరకవు. అలా దొరకనివి బాకీగా మిగులుతాయి. బాకీ సబ్జెక్టు ఒక్క క్రెడిట్‌దైనా సరే, అది కట్టకుండా డిగ్రీ చేతికి రాదు.

గ్రేడ్ల సంగతి ఇంకో తలనొప్పి. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18లో సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) నుంచి 0.5 తీసేసి పదితో హెచ్చిస్తే పర్సంటేజీ. వీటీయూ 2018 స్కీములో తీసేయాల్సింది 0.75. అంటే అదే 8.0 అక్కడ 75 శాతం, ఇక్కడ 72.5 శాతం. ఇలాంటి తేడాల వల్ల పాత క్రెడిట్లు ఒప్పుకున్నా పాత గ్రేడ్లను సీజీపీఏలో కలపకుండా, చేరిన సెమిస్టర్ నుంచి కొత్త లెక్క మొదలుపెట్టే యూనివర్సిటీలు ఉన్నాయి. ఫస్టియర్‌లో తొమ్మిది పైన తెచ్చుకున్న వాళ్లకి ఇది నష్టం, ఆరు దగ్గర ఆగిన వాళ్లకి లాభం. మీ విషయంలో ఏది వర్తిస్తుందో చేరకముందే అడగండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కటాఫ్ దగ్గర ఇదే అంకె అడుగుతారు.

మొదట తేల్చుకోవాల్సింది: ఎక్కడి నుంచి ఎక్కడికి

వీటీయూ కాలేజీ నుంచి ఇంకో వీటీయూ కాలేజీకి మారడం అన్నిటికంటే తేలిక. సిలబస్ ఒకటే, హాల్‌టికెట్ నంబరు పనిచేసే వ్యవస్థ ఒకటే. రెండు కాలేజీల ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వెళ్లే కాలేజీలో ఆ బ్రాంచిలో ఖాళీ సీటు, యూనివర్సిటీ అనుమతి ఉంటే సరిపోతుంది. యూనివర్సిటీ ప్రధాన కార్యాలయం బెళగావిలో ఉంది. బెంగళూరు నుంచి సుమారు 500 కిలోమీటర్లు. మామూలుగా ఫైలు కాలేజీ నుంచే వెళ్తుంది, మీరు రాత్రి రైలు ఎక్కాల్సిన పనిలేదు.

అటానమస్ కాలేజీ అయితే కథ మారుతుంది. ఆర్‌వీ, బీఎంఎస్, రామయ్య ఇన్‌స్టిట్యూట్ లాంటివి వీటీయూ కిందే ఉన్నా సిలబస్ వాటి సొంతం. డిగ్రీ మీద వీటీయూ పేరున్నా సబ్జెక్టులు ఒక్కొక్కటిగా సరిచూడక తప్పదు.

జేఎన్‌టీయూ నుంచి వీటీయూకి, లేదా అన్నా యూనివర్సిటీ నుంచి వీటీయూకి అంటే పూర్తి బదిలీ. ఇక్కడే సిలబస్ పోలిక, ఈక్వివలెన్స్ (పాత సబ్జెక్టులు తమవాటికి సమానమని కొత్త యూనివర్సిటీ ఒప్పుకోవడం), మైగ్రేషన్ (పాత యూనివర్సిటీ వదిలి వెళ్లేందుకు అదిచ్చే సర్టిఫికెట్) అన్నీ కావాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వీళ్ల కోసమే.

ఇక ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలు. పీఈఎస్, రేవా, జైన్, క్రైస్ట్ లాంటివి తమ నిబంధనలు తామే రాసుకుంటాయి. ఒకచోట కుదరదన్నది ఇంకోచోట కుదురుతుంది. నిర్ణయం త్వరగా వస్తుంది, ఫీజు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

మనవాళ్లు తరచూ బోల్తాపడే చోటు ఒకటుంది. దయానంద సాగర్ కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్ వీటీయూ కింద ఉంటుంది, దయానంద సాగర్ యూనివర్సిటీ వేరే యూనివర్సిటీ. రామయ్య పేరుతో వీటీయూ అనుబంధ ఇన్‌స్టిట్యూట్ ఉంది, రామయ్య యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్ అని విడిగా ఇంకోటీ ఉంది. సీఎంఆర్ సంగతీ అంతే. ఆటో దిగి బోర్డు చూసి లోపలికి వెళ్లేముందు, మీకు డిగ్రీ ఇచ్చేది ఎవరో పేరుతో సహా కనుక్కోండి.

ఎప్పుడు మారాలి

రెండో ఏడాది మొదట్లో మారడం అన్నివిధాలా మంచిది. మూడో ఏడాది మొదట్లో కూడా కుదురుతుంది. ఆ తర్వాత ఆశ పెట్టుకోకండి. దానికి కారణం సులువైన లెక్క: యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ, పాసైన క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) నిబంధనల ప్రకారం, డిగ్రీ ఇచ్చే సంస్థలో విద్యార్థి కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి. 160లో సగం 80. రెండేళ్లు దాటి వస్తే ఆ సగం నిండదు.

సరి సెమిస్టర్‌లో, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో మారాలని చూసేవాళ్లూ ఉంటారు. మామూలుగా కుదరదు, ఏడాది మధ్యలో ఎవరూ ఫైలు ముట్టుకోరు. మార్చి, ఏప్రిల్‌లో విచారణ మొదలుపెట్టి, పాత చోట రెండో సెమిస్టర్ ఫలితాలు రాగానే దరఖాస్తు ఇచ్చేలా చూసుకోండి. ఆలస్యంగా చేరితే హాజరు దెబ్బ తీస్తుంది. జేఎన్‌టీయూలో 75 శాతానికి అలవాటు పడ్డ పిల్లలకి వీటీయూలో 85 శాతం అనేసరికి గుండె ఆగినంత పనవుతుంది. క్లాసులు మొదలై నెల దాటాక చేరినవాడు మిగతా సెమిస్టర్ అంతా ఒక్క జ్వరం కూడా తెచ్చుకోకూడదు.

బ్యాక్‌లాగ్‌లు ఉంటే ముందు అవి రాసి గట్టెక్కండి. తప్పిన సబ్జెక్టుకి క్రెడిట్ లేదు, లేని క్రెడిట్ బదిలీ కాదు. పైగా టీసీ తీసుకున్నాక పాత యూనివర్సిటీలో సప్లీ రాయడానికి దారి మూసుకుపోతుంది.

ఏబీసీ ఖాతా: పేరు దగ్గరే చిక్కు

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 జులైలో మొదలైంది. డిజీలాకర్‌లోకి వెళ్లి ఆధార్‌తో ఖాతా తెరిస్తే 12 అంకెల ఐడీ వస్తుంది. ఇప్పుడు దాన్నే అపార్ ఐడీ అంటున్నారు. మీరు పాసైన క్రెడిట్లను యూనివర్సిటీ అందులో జమచేస్తుంది. అవి గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి.

పేరులో బ్యాంక్ అని ఉంది కదా, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి డబ్బు పంపినట్టు క్రెడిట్లు పంపొచ్చు అనుకోకండి. మీ మెమో మీరే స్కాన్ చేసి అందులో పెట్టలేరు, సంస్థ ఎక్కిస్తేనే లెక్క. ఎక్కించినా కొత్త యూనివర్సిటీ వాటిని ఒప్పుకుని తీరాలని లేదు. ఫలానా వాడు ఫలానా సబ్జెక్టు పాసయ్యాడనడానికి అది గట్టి రుజువు, అంతవరకే. ఆ రుజువు కూడా చిన్నదేం కాదు. మెమో అసలుదా నకిలీదా అని పాత యూనివర్సిటీకి ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసే బాధ తగ్గుతుంది.

మన పిల్లలకి వచ్చే అసలు చిక్కు పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు స్థానంలో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, ఒక్కోసారి అది చివర ఉంటుంది. కాలేజీ రికార్డులో మూడో రకం. ఈ మూడూ సరిపోకపోతే యూనివర్సిటీ పంపిన క్రెడిట్లు మీ ఖాతాలో పడవు. దరఖాస్తు పెట్టేముందే డిజీలాకర్ తెరిచి, పాసైన అన్ని సెమిస్టర్లూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే ముందు ఆధార్‌ని టెన్త్ మెమో ప్రకారం దిద్దించి, తర్వాత పాత కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. మీరింకా వాళ్ల విద్యార్థిగా ఉండగానే ఈ పని పూర్తి కావాలి. బయటికి వచ్చాక ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.

సిలబస్ పోలిక: ఇక్కడ ఎంత కష్టపడితే అంత లాభం

మొత్తం వ్యవహారంలో మీ చేతిలో ఉన్న పని ఇదొక్కటే, చాలామంది వదిలేసేదీ ఇదే. పాత యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి మీ రెగ్యులేషన్ సిలబస్ దించుకోండి. ఆర్19, ఆర్20, ఆర్23లలో మీది ఏదో మెమో మీద ఉంటుంది. పక్క బ్యాచ్‌ది దించుకొచ్చి మొత్తం పోలిక తప్పుగా చేసుకొచ్చిన వాళ్లని చూశాను. మీరు పాసైన ప్రతి సబ్జెక్టుకీ యూనిట్లతో సహా ఉన్న పేజీ తీసి, కాలేజీ ప్రిన్సిపాల్‌తోనో రిజిస్ట్రార్ ఆఫీసులోనో ముద్ర వేయించండి. ముద్ర లేని సిలబస్‌ను చాలా చోట్ల పక్కన పడేస్తారు.

తర్వాత ఒక పట్టిక తయారుచేయండి. ఎడమవైపు మీరు చదివిన సబ్జెక్టు కోడు, పేరు, క్రెడిట్లు, వచ్చిన గ్రేడు. కుడివైపు కొత్త యూనివర్సిటీలో దానికి దగ్గరగా ఉన్న సబ్జెక్టు, దాని కోడు, క్రెడిట్లు. మధ్యలో ఒక గడి: రెండు సిలబస్‌లలో ఎన్ని యూనిట్లు కలుస్తున్నాయి. ఆ మధ్య గడే ప్రాణం. కమిటీలో కూర్చునే ప్రొఫెసర్ మీ సిలబస్ మొత్తం చదవడు, ఆయనకి అంత తీరిక ఉండదు. ఐదు యూనిట్లలో నాలుగు కలుస్తున్నాయని మీరే రాసి, ఆ పేజీలు వెనక జతచేస్తే ఆయన తిప్పి చూసి సంతకం పెడతాడు.

పేర్లను నమ్మకండి. ఒకచోట లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్ అని ఉన్నది ఇంకోచోట సీఎస్ఈ వాళ్ల మ్యాథమెటిక్స్ వన్ అని ఉంటుంది, లోపల చాలా భాగం ఒకటే. దీనికి ఎదురు ఉదాహరణలూ బోలెడు: పేరు ఒకటే, లోపల ఒకరిది సీ, ఇంకొకరిది పైథాన్. థియరీ, ల్యాబ్ కలిపి నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుగా ఇక్కడ ఉంటే, మీ దగ్గర అవి మూడు, ఒకటిన్నరగా విడిపోయి ఉండొచ్చు. అప్పుడు రెండూ కలిపి ఒక వరసలో చూపించండి. విడివిడిగా రాస్తే రెండూ చాలవని కొట్టేస్తారు.

కలవని సబ్జెక్టులని దాచకండి. పట్టిక చివర వాటిని మీరే రాసి, ఫలానా సెమిస్టర్‌లో రాస్తానని ఒప్పుకోండి. దాచిన బాకీ చివరి ఏడాది బయటపడితే అప్పుడు ఎవరూ ఆదుకోలేరు. మా సెక్షన్‌లో అలాంటి ఫైళ్లు ఏటా ఒకటో రెండో తేలేవి. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి జాయినింగ్ తేదీ కూడా ఖాయమైన పిల్లాడు, ఫస్టియర్ ఒక్క క్రెడిట్ సబ్జెక్టు కోసం ఆగిపోవడం కళ్లారా చూశాను.

కన్నడ గురించి భయపడేవాళ్లకి ఒక మాట. కన్నడ రానివాళ్ల కోసం వీటీయూలో బళకె కన్నడ అని వేరే సబ్జెక్టు ఉంది, కన్నడ వచ్చినవాళ్లు చదివే సాంస్కృతిక కన్నడ కాదు. ఒక్క క్రెడిట్. బస్సెక్కడం, కొట్లో బేరం లాంటి మాటలే ఎక్కువ. హిందూపురం, మడకశిర పిల్లలకైతే నల్లేరు మీద నడక. మిగతావాళ్లకీ లిపి మన లిపికి దగ్గర కాబట్టి రెండు వారాల్లో చదవడం వచ్చేస్తుంది.

వీటీయూలో ఇంకొకటి, మెమోలో కనిపించనిది: ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) యాక్టివిటీ పాయింట్లు. మొదటి నుంచి చదివేవాళ్లకి 100, లేటరల్ ఎంట్రీ వాళ్లకి (డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో చేరేవాళ్లు) 75, వేరే యూనివర్సిటీ నుంచి ఐదో సెమిస్టర్‌లో చేరేవాళ్లకి 50. ఇవి క్రెడిట్లు కావు, గ్రేడులో కలవవు, కానీ ఇవి లేకుండా డిగ్రీ రాదు. మొక్కలు నాటడం, పల్లెలో సర్వే, రక్తదాన శిబిరం లాంటి పనులు చేసి ఫోటోలు, రిపోర్టు ఇవ్వాలి. చేరిన రోజే మీకు ఎన్ని కావాలో రాయించుకోండి.

కాగితం మీద ఒప్పుకునేదాకా టీసీ అడగకండి

పట్టిక, ముద్ర వేసిన సిలబస్, మెమోల కాపీలు, టెన్త్, ఇంటర్ మెమోలు, పాత కాలేజీ స్టడీ సర్టిఫికెట్, ఎన్ఓసీ. వీటితో కొత్త కాలేజీకి దరఖాస్తు ఇస్తే వాళ్లు యూనివర్సిటీకి పంపుతారు. ఎన్ఓసీకీ టీసీకీ తేడా గుర్తుంచుకోండి. ఎన్ఓసీ అంటే మీరు వెళ్లినా మాకు అభ్యంతరం లేదని మాత్రమే, మీ పేరు ఇంకా పాత రిజిస్టర్‌లోనే ఉంటుంది. పని చెడితే వెనక్కి వెళ్లి క్లాసులో కూర్చోవచ్చు.

జవాబుగా వచ్చే ఉత్తరంలో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూడండి. ఏ సెమిస్టర్‌లో చేర్చుకుంటున్నారు? ఏ ఏ సబ్జెక్టులకు మినహాయింపు ఇచ్చారు? బాకీ సబ్జెక్టులు ఏమిటి, వాటిని ఎప్పటిలోగా రాయాలి? "అడ్మిషన్ కన్ఫర్మ్" అని వాట్సాప్‌లో వచ్చిన మెసేజీ ఉత్తరం కాదు. హెచ్ఓడీ నోటిమాటగా "చూసుకుందాంలే" అన్నా కాదు. ఆయన మంచివాడే అయి ఉంటాడు, కానీ రెండేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు.

ఏజెంట్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మారతహళ్లి, కేఆర్‌పురం వైపు తెలుగు పిల్లలుండే పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల) గోడల మీద "కాలేజీ ట్రాన్స్‌ఫర్, బ్యాక్‌లాగ్ ఉన్నా పర్లేదు" అని కాగితాలు అతికించి ఉంటాయి. ఫోన్ చేస్తే చక్కటి గోదావరి యాసలోనో సీమ యాసలోనో మాట్లాడతారు, ఊరు కలుపుతారు, అడ్వాన్స్ అడుగుతారు. యూనివర్సిటీ ఇచ్చే ఈక్వివలెన్స్‌ను ఇంకెవరూ ఇవ్వలేరు. దరఖాస్తు ఫీజు కాలేజీ ఖాతాలోకో యూనివర్సిటీ ఖాతాలోకో కట్టాలి, మనిషి యూపీఐకి కాదు.

డబ్బు లెక్కలు

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్న పిల్లలు బెంగళూరు వస్తే అది ఆగిపోతుంది. ఇంట్లో ఈ లెక్క ముందే వేసుకోండి: మిగిలిన మూడేళ్ల ఫీజు, దాని మీద పీజీ అద్దె. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే అది పాత కాలేజీ పేరు మీద మంజూరైంది. కొత్త కాలేజీ ఫీజు వివరాలు, అంగీకార ఉత్తరం ఊళ్లో ఉన్న బ్రాంచికి పట్టుకెళ్లి మార్పు రాయించాలి. చెప్పకుండా మారితే తర్వాతి విడత పాత కాలేజీ ఖాతాకే పోతుంది, దాన్ని వెనక్కి రప్పించడం ఇంకో యుద్ధం.

పాత కాలేజీ పట్టుకుని కూర్చుంటే

ఉత్తరం చేతికి వచ్చింది, ఇక నో డ్యూస్ (బాకీలేమీ లేవనే కాగితం) మీద అన్ని సెక్షన్ల సంతకాలు చేయించి టీసీ, కాండక్ట్, మైగ్రేషన్ తీసుకోవాలి. టీసీ ఇచ్చేది కాలేజీ, మైగ్రేషన్ ఇచ్చేది యూనివర్సిటీ. అనంతపురం అయితే పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కాకినాడ అయితే రెండు రోజులు పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో అడిగే వీలుంటే అదే మేలు.

ఇక్కడే కొన్ని ప్రైవేటు కాలేజీలు "నాలుగేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు" అంటాయి. ఆ మాటకి చట్టబలం లేదు. సీటు వదులుకున్న విద్యార్థి నుంచి మిగతా ఏళ్ల ఫీజు అడగకూడదని ఏఐసీటీఈ నిబంధన. చదువుతున్న సెమిస్టర్‌కో ఏడాదికో తప్ప ముందస్తుగా ఫీజు వసూలు చేయకూడదని, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. కౌంటర్‌లో గొడవ పడకండి. ఆ కాపీలు జతచేసి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. చాలాసార్లు ఆ ముద్ర పడగానే స్వరం మారుతుంది.

మారకపోతే 2023 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి రాయండి. వాళ్లు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోగా యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ (అప్పీళ్లు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. ఈ మెట్లన్నిటికీ వారాలు పడతాయి. అందుకే మార్చిలోనే మొదలుపెట్టమన్నది.

డిగ్రీ వాళ్లకి

బీకాం, బీసీఏ, బీఎస్సీ వాళ్లకి ప్రాసెస్ ఇదే, చిక్కులు మాత్రం వేరు. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయం మూడుగా విడిపోయింది. జ్ఞానభారతిలో పాతది, నగరం మధ్య సిటీ యూనివర్సిటీ, కోలార్ వైపు నార్త్ యూనివర్సిటీ. ఒకే ఊళ్లో రెండు వీధుల అవతలి కాలేజీకి మారినా యూనివర్సిటీ మారిపోవచ్చు.

కర్ణాటకలో 2021లో జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేళ్ల పద్ధతి వచ్చింది, 2024-25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వెళ్లారు. మధ్యలో చదువు ఆపి ఇప్పుడు చేరేవాళ్లు, మీ పాత క్రెడిట్లు ఏ పద్ధతివో, చేరబోయే బ్యాచ్ ఏ పద్ధతిదో చూసుకోండి.

భాషా పేపరు సంగతి మర్చిపోకండి. మీరు సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు చదివి ఉంటారు. బెంగళూరులో తెలుగు చెప్పే డిగ్రీ కాలేజీలు తక్కువ. ఎక్కువ చోట్ల కన్నడ, హిందీ, సంస్కృతం, అడిషనల్ ఇంగ్లిష్ మాత్రమే ఉంటాయి. పాసైన తెలుగు పేపరుని ఒప్పుకుంటారా, మిగిలిన సెమిస్టర్లకి ఏ భాష తీసుకోవాలి అన్నది అంగీకార ఉత్తరంలోనే రాయించుకోండి. మనవాళ్లు ఎక్కువమంది అడిషనల్ ఇంగ్లిష్ తీసుకుంటారు. సంస్కృతంలో మార్కులు బాగా పడతాయని అటు వెళ్లేవాళ్లూ ఉన్నారు.

చేరాక మొదటి సెమిస్టర్‌లో

ఐడీ కార్డు రాగానే పని అయిపోయిందనుకోకండి. యూనివర్సిటీ పోర్టల్‌లో మీ పేరు మీద మినహాయింపు సబ్జెక్టులు నమోదయ్యాయో లేదో చూడండి. మీ ఏబీసీ ఐడీని కొత్త కాలేజీ రికార్డుకి జతచేయించండి. పరీక్ష దరఖాస్తు నింపేటప్పుడు బాకీ సబ్జెక్టుల కోడ్‌లు జాబితాలో కనిపించాలి. కనిపించకపోతే ఫీజు గడువు ముగియకముందే ఎగ్జామ్ సెక్షన్‌కి ఉత్తరం కాపీతో వెళ్లండి. మెంటార్‌గా ఇచ్చిన లెక్చరర్‌కి ఒక కాపీ ఇచ్చి ఉంచండి.

ముద్ర వేసిన సిలబస్ ఒరిజినల్ సెట్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్‌లే ఇవ్వండి. రేపు ఎంఎస్‌కి అప్లై చేసినప్పుడు అమెరికా యూనివర్సిటీలు రెండు ట్రాన్స్‌క్రిప్టులూ అడుగుతాయి, కొన్ని సబ్జెక్టుల వివరాలూ అడుగుతాయి. అప్పటికి పాత యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మీ రెగ్యులేషన్ పీడీఎఫ్ ఉంటుందన్న నమ్మకం లేదు.